పదాంధత్వం: ఒక బడిపంతులు చూపిన దారి



లెక్కలు చకచకా చేస్తాడు, అడిగినదానికి నోటితో చక్కగా జవాబిస్తాడు, పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్క పంక్తి దాటలేడు. ఇటువంటి పిల్లవాడు మీ ఇంటనో పొరుగింటనో ఉండవచ్చు. అతనిది బద్ధకమని తేల్చివేసే ముందు, వైద్యచరిత్రలోని ఒక బాలుణ్ణి మీకు పరిచయం చేయాలి.

1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం వెలువడింది. రచయిత ఇంగ్లండు దక్షిణ తీరంలోని సీఫర్డ్ పట్టణ వైద్యుడు ప్రింగిల్ మోర్గన్. ఆయన వర్ణించిన పర్సీ అనే బాలుని వయస్సు 14 ఏళ్లు. చురుకైనవాడు, ఆటల్లో తోటివారికి తీసిపోడు, చూపులో లోపం లేదు. ఏడేళ్ల వయస్సు నుండి చదువు చెప్పిస్తూనే ఉన్నా చిన్న చిన్న మాటలను సైతం కూడబలుక్కోవలసి వచ్చేది. తన పేరునే అక్షరాలు తారుమారు చేసి రాశాడు. అంకెలను మాత్రం తేలికగా చదివాడు. 749ని 867తో త్వరగా, తప్పు లేకుండా హెచ్చవేశాడు.

మెదడు దెబ్బతిన్న పెద్దల్లో చదివే శక్తి పోవడాన్ని అప్పటి వైద్యులు 'పదాంధత్వం' అనేవారు. గ్లాస్గో నేత్రవైద్యుడు జేమ్స్ హిన్‌షెల్‌వుడ్ 1895లో దానిపై రాసిన వ్యాసం మోర్గన్‌ను ఆలోచింపజేసింది. ఈ స్థితి పుట్టుకతోనూ రావచ్చునని ఆయన గ్రహించాడు. నేడు దీనినే డిస్లెక్సియా అంటున్నాము. ఇది కంటి జబ్బు కాదు, తెలివితక్కువతనమూ కాదు. అక్షరాన్ని ధ్వనితో జతపరచడంలో మెదడుకు కలిగే ఇబ్బంది.

మోర్గన్ వ్యాసంలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది బడిపంతులు చెప్పిన మాట. చదువంతా నోటిమాటగా సాగితే బడిలోకెల్లా చురుకైనవాడు ఇతడే అయ్యేవాడని ఆయన అభిప్రాయం. రోగాన్ని గుర్తించినది వైద్యుడే అయినా, బోధించే తీరు మారితే బాలుడు రాణిస్తాడని చూసినది ఉపాధ్యాయుడు.

ఆ చూపు చట్టంగా మారడానికి చాలాకాలం పట్టింది. 1978లో మేరీ వార్నాక్ అధ్యక్షతన బ్రిటన్‌లోని సంఘం ఒక నివేదిక సమర్పించింది. పిల్లలను వైకల్యం పేరుతో వర్గీకరించడం మాని, వారికి చదువులో ఏ తోడ్పాటు కావాలో చూడాలన్నది. ప్రతి ఐదుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు అటువంటి తోడ్పాటు అవసరమవుతుందని అంచనా వేసింది. 1994లో స్పెయిన్‌లోని సాలమాంకాలో 92 దేశాల ప్రతినిధులు, ఇటువంటి పిల్లలకు సాధారణ బడులే తలుపులు తెరవాలని ప్రకటించారు.

మన దేశపు 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి. డిస్లెక్సియాకు చోటు లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను చేర్చింది. బడిలోనే వాటిని త్వరగా గుర్తించాలన్నది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల నుండి మినహాయింపు వంటి వెసులుబాట్లను పేర్కొన్నది. పర్సీ కథ అచ్చయిన 120 ఏళ్లకు గాని మన చట్టం ఇక్కడికి చేరలేదు.

కనుక, చదవడానికి తడబడే బిడ్డకు ముందుగా చూపు, వినికిడి పరీక్షలు చేయించండి. అవి బాగుంటే నిపుణుల చేత అభ్యసన సామర్థ్యాన్ని పరీక్షింపజేయండి. ఆ నివేదికతో బడికి వెళ్లి, చట్టం ఇచ్చిన వెసులుబాట్లను అడగండి. పాఠం చదివి వినిపించండి, జవాబు నోటితో చెప్పనివ్వండి. దండన వల్ల అక్షరాలు రావు; బడి అంటే భయం మాత్రం మిగులుతుంది.