సిరా గీతల్లో సగం మనిషి, సగం మేక

కె. లక్ష్మాగౌడ్ 1960ల చివర, 1970లలో సిరాతోనూ, ఎచింగ్‌లోనూ చేసిన బొమ్మల్లో మనిషి, మేక, చెట్టు ఒకదాన్లోకి ఒకటి చొచ్చుకుపోతయి. కొన్నిట్ల మనిషి ఒళ్ళు ఎక్కడ అయిపోయి జంతువు ఎక్కడ మొదలైందో చెప్పలేం. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకొచ్చిన చిత్రకారుడాయన. ఈ బొమ్మల గురించి రాసినవాళ్ళు ఎక్కువగా రెండు మాటలే పట్టుకున్నరు: పల్లె, శృంగారం. పల్లెలో కామానికి దాపరికం లేదనీ, మనిషి ప్రకృతికి దగ్గరగా ఉంటడనీ వాళ్ళ వివరణ.

ఐతే ఈ పల్లె ఎవరిది? ఊరిదా, వాడదా? బోధన్ చెరుకు ప్రాంతం నుంచి చూసేవాళ్ళకు ఈ ప్రశ్న తప్పదు.

ముందు పురాణం సంగతి. సింహం తల ఉన్న మనిషి అవతారమైండు. ఆయనకు గుడి, కల్యాణం. మాదిగల మూలపురుషుడు జాంబవుడు మాత్రం రామాయణంలో ఎలుగుబంటి. డక్కలివాళ్ళు పటం కట్టి చెప్పే జాంబపురాణంలో ఆయనే సృష్టికి ముందు పుట్టిన తాత. ఒకరి కథలో ఆదిపురుషుడు, ఇంకొకరి కథలో జంతువు. కాబట్టి మనిషినీ జంతువునీ కలపటం అమాయకమైన ఊహ కాదు. ఎవరు ఎవరిని దేనితో కలుపుతున్నరనేది అధికారం సంగతి. మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు పశువులు తాగొచ్చు, అంటరానివాళ్ళు తాగొద్దు. 1927 మార్చి 20న అంబేడ్కర్ ఆ నీళ్ళు తాగింది అందుకే.

ఇక మా దిక్కు. మంజీర మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు, షక్కర్‌నగర్ వెలిసింది. అభివృద్ధి చరిత్ర ఇక్కడిదాకనే చెప్తది. ఆ చెరుకు తోటల అంచునే, వర్ని లాంటి ఊళ్ళల్ల, దళిత ఆడపిల్లల్ని దేవత పేర జోగినులుగా విడిచిండ్రు. పేరు దేవతది, అనుభవించింది ఊరి పెద్దలు. 1980లలో హేమలతా లవణం వర్నిలో జోగినుల మధ్య పనిచేసింది. 1988లో నిషేధ చట్టం వచ్చింది. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు రైతు, కార్మికుడు అందరికీ గుర్తొచ్చిండ్రు. జోగిని ఎవరి లెక్కలోనూ లేదు.

మా అమ్మ చెరుకు కొట్టపోయేది. మా ఇంట్ల యూనివర్సిటీ మెట్లెక్కింది నేనే మొదలు. చిన్నప్పుడు పోశమ్మ కాడ చూసిన ఒక సంగతి ఇప్పటికీ మరువలేను. మేకకు పసుపు రాసి, బొట్టు పెట్టి, మీద నీళ్ళు చల్లుతరు. అది ఒళ్ళు దులిపితే "ఒప్పుకున్నది" అంటరు. పసుపు, బొట్టు, తాళి పెట్టి దేవతకిచ్చిన పిల్ల కూడా ఒప్పుకున్నట్టే లెక్క!

ఆడమనిషి, మేక ఒకటైన బొమ్మ చూసినప్పుడు శృంగారం కంటె ముందు నాకు ఈ ఒప్పుకోలే కనబడ్తది. చిత్రకారుడు జోగినిని గీసిండని నేను అంటలేను. కాని బొమ్మకు అర్థం చూసేవాళ్ళ నేల నుంచి కూడా పుడ్తది. 'పల్లె సహజ కామం' అన్న వ్యాఖ్యానమూ ఒక నేల నుంచి వచ్చిందే. ఆ నేల ఊరి నడుమ ఉన్నది, వాడలో లేదు.

మన పని ఏందంటే, ముసలివాళ్ళైపోతున్న జోగినుల మాటల్ని వాళ్ళ నోటి నుంచే రాసుకోవాల. ఆ మాటల్ని ఈ బొమ్మల పక్కన పెట్టి మళ్ళీ చదవాల. అప్పుడు సగం మనిషిని చేసింది ఎవరో తెలుస్తది.