ఆకాశంలో మాట్లాడే అనుమతి

విమానం నడపడం వచ్చినంత మాత్రాన పైలట్ రేడియోలో మాట్లాడరాదు. అందుకు వేరే పత్రం కావాలి. మన దేశంలో దాని పరీక్షను చాలాకాలం నిర్వహించినది టెలికాం శాఖ. విమానయాన శాఖ కాదు! కారణం పాతది. 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. విమానాల చట్టం ఆ మరుసటి ఏడు, 1934లో వచ్చింది.

జర్మనీలోనూ ఈ పత్రం ఇచ్చేది టెలికాం నియంత్రణ సంస్థే. అయితే అక్కడి ప్రైవేటు పైలట్ 'బీజెడ్ఎఫ్-2' పత్రంతో, కంటిచూపు ఆధారంగా స్వదేశంలో ఎగిరేటప్పుడు, జర్మన్ భాషలోనే మాట్లాడవచ్చు. ఇంగ్లీషు కూడా కావాలనుకునేవారికి 'బీజెడ్ఎఫ్-1' ఉంది. అంతర్జాతీయ నియమం కూడా నేలమీది కేంద్రం వాడే భాషను అనుమతిస్తుంది.

మన సీమకు వద్దాం. కడపలో 2015 జూన్‌లో ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి, కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 మార్చిలో. 2022లో పైలట్ శిక్షణ సంస్థలకై ఎంపికైన విమానాశ్రయాలలో కడప ఒకటి. అక్కడ ఎగరబోయే తెలుగు మాధ్యమపు పిల్లవాడు మౌఖిక పరీక్షలో ఇంగ్లీషులోనే నెగ్గాలి.

ఇది అన్యాయమని తొందరపడి అనలేను. 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ ఆకాశంలో రెండు విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. కజఖ్ విమానంలో ఇంగ్లీషు సంభాషణ భారమంతా రేడియో ఆపరేటర్‌దే. పైగా మన కంట్రోలర్లు దేశమంతటా బదిలీ అవుతారు; కడప టవరులో ఉన్నవారికి తెలుగు రావాలని లేదు. కానీ ఆ పిల్లవాడికి ఇంగ్లీషు సంభాషణ నేర్పే బాధ్యత ఎవరిది? ఫీజుల పట్టికలో దానికి చోటుండాలని నా పట్టుదల.

2025 జనవరి 1న అమలైన కొత్త వాయుయాన చట్టం ఈ పరీక్షను పౌర విమానయాన డైరెక్టరేట్‌కు అప్పగించింది. భాష మాత్రం అదే.