మాత్రల పెట్టె పక్కన గ్రేప్‌ఫ్రూట్

నిమ్మజాతి పండ్లలో గ్రేప్‌ఫ్రూట్ చాలా చిన్నది, సైజులో కాదు, వయసులో. నిమ్మ, నారింజ, పంపరపనస ఆసియాలో పుట్టి వేల ఏళ్లుగా మనుషుల వెంట తిరుగుతున్నాయి. గ్రేప్‌ఫ్రూట్ మాత్రం కరీబియన్ దీవుల్లో, ఎవరూ పనిగట్టుకుని సంకరం చేయకుండానే పుట్టుకొచ్చింది. ఓడల మీద ఆ దీవులకు చేరిన పంపరపనస, తీపి నారింజ పక్కపక్కన పెరిగాయి, వాటి పుప్పొడి కలిసింది. అందులో తల్లి చెట్టు పంపరపనస. వినాయక చవితికి పాలవెల్లికి పండ్లు కట్టే ఇళ్లలో ఆ తల్లిని ఎరగనివాళ్లుండరు. బిడ్డను మాత్రం మనవాళ్లలో చాలామంది సూపర్‌మార్కెట్ అరలోనో, అమెరికాలో పిల్లల ఇంటి ఫ్రిజ్‌లోనో మొదటిసారి చూస్తారు.

1750లో అచ్చయిన బార్బడోస్ ప్రకృతి చరిత్రలో గ్రిఫిత్ హ్యూస్ అనే చర్చి గురువు ఈ జాతి పండునే 'నిషిద్ధ ఫలం' అన్నాడు. తర్వాత జమైకాలో జేమ్స్ మెక్‌ఫేడెన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దానికి 'సిట్రస్ ప్యారడైసి' అని శాస్త్రీయ నామం పెట్టాడు. కొమ్మకు గుత్తులుగా కాస్తుంది కాబట్టి వాడుకలో గ్రేప్‌ఫ్రూట్ అయింది. ద్రాక్షకూ దీనికీ వేరే చుట్టరికం లేదు. నిషిద్ధం అన్న మాట మాత్రం రెండున్నర శతాబ్దాల తర్వాత డాక్టర్ల నోట మళ్లీ వినబడింది. అప్పుడు దాన్ని అన్నది బైబిలు చదివి కాదు, రక్తపరీక్షల లెక్కలు చూసి.

పంతొమ్మిదో శతాబ్దం తొలి భాగంలో ఓడెట్ ఫిలిప్ అనే ఫ్రెంచివాడు దీన్ని ఫ్లోరిడాకు తెచ్చి టాంపా బే ఒడ్డున నాటాడని చెబుతారు. చాలా కాలం అది తోటలో అలంకారానికి పనికొచ్చే చేదు పండుగానే ఉండిపోయింది. గింజల్లేని మార్ష్ రకం వచ్చాక, రైళ్లలో ఉత్తరాది నగరాలకు పంపడం మొదలయ్యాక అది వ్యాపార పంట అయింది. టెక్సాస్‌లో ఒక చెట్టుకు ఎర్ర కండ కాయలు కాశాయి. ఆ రూబీ రెడ్ రకానికి 1934లో పేటెంట్ దొరికింది. ఆ ఎరుపు టమాటాలో ఉండే లైకోపీన్ వల్ల వచ్చేదే. ఎర్ర గ్రేప్‌ఫ్రూట్‌ను టెక్సాస్ 1993లో తన రాష్ట్ర ఫలంగా ప్రకటించుకుంది.

ఇక ఆరోగ్యం మాట. ఈ పండు కీర్తి దాని మీద పరిశోధన కంటే ముందే పెరిగింది. సి విటమిన్‌ను కనిపెట్టిన రోజులవి. ఆ కృషికి ఆల్బర్ట్ సెంట్‌జార్జికి 1937లో నోబెల్ వచ్చింది. పుల్లటి పండు ప్రతిదీ ఒంటికి మంచిదన్న నమ్మకం అమెరికా టిఫిన్ బల్ల మీదకు చేరింది. సగానికి కోసిన గ్రేప్‌ఫ్రూట్ మీద కాస్త పంచదార చల్లి, తొనలు విడదీయడానికి అంచుకు పళ్లున్న చెంచాతో తినడం మర్యాదస్తుల అలవాటైంది. పండులో నిజంగా ఉన్నదెంత? వంద గ్రాములకు ముప్పై మిల్లీగ్రాములకు కాస్త పైగా సి విటమిన్, కొంత పొటాషియం, కొంచెం పీచు, దాదాపు తొంభై శాతం నీరు. కేలరీలు చాలా తక్కువ. మంచి పండే, కానీ సి విటమిన్ ఒక్కటే కొలిస్తే మన జామకాయ దీన్ని ఎన్నో రెట్లు మించిపోతుంది. ఉసిరి సంగతి చెప్పనే అక్కర్లేదు.

అసలు గారడీ 1930 ప్రాంతంలో మొదలైంది. హాలీవుడ్ డైట్ పేరుతో ఒక తిండి పద్ధతి వాడుకలోకి వచ్చింది. రోజుకు ఎనిమిది వందల కేలరీలకు అటూ ఇటూ తిండి, ప్రతి పూటా గ్రేప్‌ఫ్రూట్. 1970లలో అదే పద్ధతి ఒక ప్రసిద్ధ వైద్యసంస్థ పేరు తగిలించుకుని మళ్లీ తిరిగింది, ఆ సంస్థకు దానితో ఏ సంబంధమూ లేకపోయినా. పండులో కొవ్వును కరిగించే ఎంజైము ఏదో ఉందన్నది ప్రచారం. అలాంటిదేమీ లేదు. ఎనిమిది వందల కేలరీలతో బతికితే పక్కన గ్రేప్‌ఫ్రూట్ పెట్టినా, దోసకాయ పెట్టినా ఒళ్లు తగ్గుతుంది.

దీన్ని తూచి చూసిన పరిశోధనలు చాలా ఆలస్యంగా వచ్చాయి. 2006లో శాండియాగోలోని స్క్రిప్స్ క్లినిక్ వైద్యులు స్థూలకాయులైన 91 మందిని పన్నెండు వారాలు గమనించారు. రోజూ మూడు పూటలా భోజనానికి ముందు సగం పండు తిన్నవారు సగటున 1.6 కిలోలు తగ్గారు, ఉత్తుత్తి మాత్ర మింగినవారు 0.3 కిలోలు. తేడా ఉంది, కాదనలేం. కానీ మూడు నెలల శ్రమకు కిలోంబావు. 2012లో అరిజోనాలో 74 మంది మీద ఆరు వారాలు చేసిన మరో పరీక్షలో బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నడుము చుట్టుకొలతా, పై బీపీ అంకే కాస్త తగ్గాయి. ఎనభై ఏళ్ల ప్రచారానికి దొరికిన రుజువు ఇంతే.

దీని అపాయం మాత్రం ఎవరూ వెతకకుండానే బయటపడింది. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని లండన్ నగరంలో డేవిడ్ బెయిలీ అనే ఔషధ శాస్త్రవేత్త ఉండేవాడు. యువకుడిగా ఉన్నప్పుడు మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు పరుగెత్తిన తొలి కెనడావాడు ఆయనే. 1980ల చివర ఆయన బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద పనిచేస్తోంది. ఆ మందు వేసుకున్నవాడు మద్యం తాగితే ఏమవుతుందన్నది వాళ్ల ప్రశ్న. పరీక్షకు వచ్చినవాళ్లకు గ్లాసులో ఉన్నది మద్యమో కాదో తెలియకూడదు. ఆ రుచిని దాచే రసం కోసం బెయిలీ ఒక శనివారం రాత్రి ఇంట్లోని ఫ్రిజ్‌లో ఉన్న రసాలన్నీ కలిపి చూశాడు. గ్రేప్‌ఫ్రూట్ ఒక్కటే ఆ వాసననూ రుచినీ కప్పేసింది.

పరీక్షలో మద్యం ప్రభావం ఎలా ఉన్నా, ఒక అంకె బృందాన్ని కంగారు పెట్టింది. మద్యం తాగిన రోజు, తాగని రోజు అన్న తేడా లేకుండా రక్తంలో మందు మోతాదు అంతకుముందు లెక్కలకంటే చాలా ఎక్కువగా ఉంది. మాత్రలు తప్పు ఇచ్చారేమో, కొలత తప్పేమో అని అన్నీ వెతికారు. చివరకు మిగిలిన అనుమానం రసం మీదికి పోయింది. బెయిలీ తన మీదే ప్రయోగించుకున్నాడు. ఒకసారి నీళ్లతో, ఒకసారి గ్రేప్‌ఫ్రూట్ రసంతో అదే మాత్ర మింగాడు. రసంతో మింగినప్పుడు రక్తంలో మందు అయిదు రెట్లు. 1991లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన వాళ్ల వ్యాసంలో ఆరుగురి సగటు చూస్తే నీళ్లతో పోలిస్తే 284 శాతం. నారింజ రసంతో ఏ తేడా లేదు. అందుకే అనుమానం పుల్లటి పండ్లన్నింటి మీద పడకుండా ఈ ఒక్కదాని మీదే నిలిచింది.

ఎలా జరుగుతుందో తేలడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. మనం మింగే మందుల్లో చాలా భాగం రక్తంలో కలవకముందే పేగు గోడలో ఉన్న సిప్ 3ఏ4 అనే ఎంజైము చేతిలో విరిగిపోతుంది. పేగు గోడ ఒక చెక్‌పోస్టు అనుకోండి. ఫెలోడిపిన్‌లో అక్కడా, కాలేయంలోనూ పట్టుబడకుండా లోపలికి చేరేది పదిహేను శాతానికి అటూ ఇటూ. ఆ నష్టం పోను సరిపోయేట్టుగానే కంపెనీ మాత్ర బలం నిర్ణయిస్తుంది. గ్రేప్‌ఫ్రూట్‌లో ఫ్యూరానోకౌమరిన్లు అనే రసాయనాలు ఉన్నాయి. బెర్గమాటిన్, దాని బంధువులు అవి. ఇవి ఆ ఎంజైముకు అతుక్కుని దాన్ని శాశ్వతంగా పనికిరాకుండా చేస్తాయి. రసం తాగినవారి పేగులో ఈ ఎంజైము 62 శాతం తగ్గిందని 1997లో మిషిగన్ పరిశోధకులు కొలిచి చూపించారు. మొదట్లో నింద అంతా చేదునిచ్చే నరింజిన్ మీద పడింది. 2006లో ఫ్యూరానోకౌమరిన్లు తీసేసిన రసాన్ని ఇచ్చి చూస్తే మందు మోతాదు మామూలుగానే ఉంది. దాంతో ఆ తగవు తీరింది.

చచ్చిన ఎంజైము మళ్లీ లేవదు, పేగు కొత్తది తయారుచేసుకోవాలి. అందుకు ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. పొద్దున మాత్ర వేసుకుని సాయంత్రం పండు తింటే ఫర్వాలేదన్న ఉపాయం ఇక్కడ పారదు. ఒక్క పూర్తి పండు, లేదా ఒక్క గ్లాసు రసం చాలు. ఇంజెక్షన్‌తో నేరుగా రక్తంలోకి ఎక్కించిన మందుకు మాత్రం ఈ గొడవ దాదాపుగా ఉండదు, అది పేగును దాటి రాదు కాబట్టి.

జాబితా ఏటేటా పెరిగింది. గ్రేప్‌ఫ్రూట్‌తో తీవ్ర ప్రమాదం తేగల మందులు 2008లో 17 ఉంటే 2012కి 43 అయ్యాయని బెయిలీ బృందమే లెక్క తేల్చింది. పండు మారలేదు, కొత్త మందులు పెరిగాయి. కొలెస్ట్రాల్ మందుల్లో సిమ్వాస్టాటిన్ మహా సున్నితం. 1998లో ఫిన్లాండ్ పరిశోధకులు చిక్కటి రసం రోజుకు మూడుసార్లు ఇస్తే రక్తంలో ఆ మందు పదహారు రెట్లు పెరిగింది. మోతాదు అలా పెరిగితే కండరాలు దెబ్బతిని, ఆ వ్యర్థాలు కిడ్నీని ముంచుతాయి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్, గుండె లయకు వాడే అమియోడరోన్ కూడా ఇందులోవే.

డైటుకూ మందుకూ చివరికి ఎలా ముడిపడిందో 2009లో లాన్సెట్‌లో వచ్చిన ఒక ఉదంతం చూపుతుంది. అమెరికాలో 42 ఏళ్ల స్త్రీ బరువు తగ్గాలని మూడు రోజులు పొద్దుటి పూట గ్రేప్‌ఫ్రూట్ తింది. ఆమె గర్భనిరోధక మాత్రలు వాడుతోంది. కాలిలో రక్తం గడ్డకట్టి, కాలే పోయే పరిస్థితి వచ్చి ఆసుపత్రిలో చేరింది. పుట్టుకతో రక్తం త్వరగా గడ్డకట్టే లక్షణం ఉండడం, దూర ప్రయాణం కూడా కలిసొచ్చాయి. పండు ఒక్కటే చేసిందని డాక్టర్లూ అనలేదు. కానీ మాత్రలోని ఈస్ట్రోజన్ రక్తంలో పెరగడానికి అది దారి తీసి ఉంటుందన్నది వారి అభిప్రాయం.

అన్ని భయాలూ నిలబడలేదు. మెనోపాజ్ దాటిన స్త్రీలలో గ్రేప్‌ఫ్రూట్ ఎక్కువ తినేవారికి రొమ్ము క్యాన్సర్ ముప్పు 30 శాతం ఎక్కువని 2007లో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. పేపర్లన్నీ రాశాయి. మరుసటి ఏడే నర్సుల ఆరోగ్య అధ్యయనం అలాంటి సంబంధమేమీ లేదంది. అది మాత్రం అంతగా ఎవరి చెవినా పడలేదు.

ఇప్పుడు మన మందుల పెట్టె తెరిచి చూద్దాం. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఆరు నెలలు ఉండడానికి వెళ్లే అమ్మానాన్నల సంచిలో ఎక్కువగా కనబడే బీపీ మాత్రలు ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్. ఆమ్లోడిపిన్ మీద గ్రేప్‌ఫ్రూట్ ప్రభావం స్వల్పం, టెల్మిసార్టాన్‌కు ఈ ఎంజైముతో పనే లేదు. కొలెస్ట్రాల్‌కు రోసువాస్టాటిన్ వేసుకునేవారికి చింత లేదు. అటోర్వాస్టాటిన్ వాడేవారు మాత్రం ఆ గ్లాసు పక్కన పెట్టి డాక్టర్ని అడగడం మంచిది. జలుబు, దురదలకు వాడే ఫెక్సోఫెనాడిన్ కథ తలకిందులు. ఆ మందును పేగులోంచి లోపలికి చేర్చే దారినే రసం అడ్డుకుంటుంది కాబట్టి మోతాదు తగ్గిపోతుంది. నారింజ, యాపిల్ రసాలు కూడా అదే చేస్తాయి. ఆ మాత్రకు నీళ్లే సరి.

మన బత్తాయి తీపి నారింజ జాతి, దానిలో ఎంజైమును చంపేంత ఫ్యూరానోకౌమరిన్లు లేవు. పంపరపనసలో ఉన్నాయి. పంపరపనస తిన్న కిడ్నీ మార్పిడి రోగి రక్తంలో టాక్రోలిమస్ పెరిగిపోయిన సంగతి 2003లో జపాన్ వైద్యులు రాశారు. పుల్ల నారింజ జాతికి చెందిన సెవిల్ నారింజ రసం కూడా ఫెలోడిపిన్‌ను పెంచుతుంది. అందుకే మార్పిడి రోగులకు ఇచ్చే కాగితంలో గ్రేప్‌ఫ్రూట్ అన్న ఒక్క మాటతో ఆపకుండా పంపరపనస అని కూడా తెలుగులో రాయాలంటాను. మన రోగి ఎరిగిన పండు అదే.

ఈలోగా ఫ్లోరిడా తోటలే తరిగిపోతున్నాయి. 2003-04లో నాలుగు కోట్ల పెట్టెలు దాటిన గ్రేప్‌ఫ్రూట్ దిగుబడి తుఫాన్లు, 2005లో బయటపడిన గ్రీనింగ్ తెగులు దెబ్బకు ఇరవై ఏళ్లలో ఇరవై లక్షల పెట్టెల లోపుకు పడిపోయింది. మందుల సీసాల మీది హెచ్చరిక కూడా కొనేవారిని కొంత దూరం చేసిందనడంలో సందేహం లేదు. ఇజ్రాయెల్‌లోని వోల్కానీ కేంద్రం పరిశోధకులు ఫ్యూరానోకౌమరిన్ల తయారీకి కీలకమైన జన్యువును గుర్తించారు. కమలాల్లో ఆ జన్యువు చెడిపోయి ఉంది, అందుకే వాటిలో ఈ రసాయనాలు లేవు. అదే లోపాన్ని గ్రేప్‌ఫ్రూట్‌లోకి తేవాలన్నది ఇప్పుడు సాగుతున్న ప్రయత్నం.