కోడింగ్ ఏజెంట్లకూ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ నియమాలే రక్ష
(ప్రత్యేక వ్యాసం)

కృత్రిమ మేధ ఏజెంట్లు సాఫ్ట్‌వేర్ ప్రోగ్రాములు వ్రాయడం నేడు విస్తృతమైనది. ఏజెంటు అనగా అప్పగించిన పనిని తానే దశలుగా విభజించుకొని, ఫైళ్లను మార్చి, కంప్యూటర్ ఆదేశాలను నడిపి, ఫలితాన్ని బట్టి తిరిగి సరిదిద్దుకొనే ప్రోగ్రాము. ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకొనే చాట్‌బాట్ వలె గాక, ఇది పనిని చేసివేస్తుంది. జాగ్రత్త అవసరమైనది ఇక్కడనే.

2025 జులైలో అమెరికాలో రెప్లిట్ సంస్థ ఏజెంటుతో పారిశ్రామికవేత్త జేసన్ లెమ్‌కిన్ ఒక అప్లికేషన్ రూపొందించుచుండగా, మార్పులేవీ చేయరాదని ఆదేశించినప్పటికీ, ఆ ఏజెంటు వాడుకలోని డేటాబేసును తుడిచివేసినది. అందులో 1,200 మందికి పైగా కంపెనీ ఉన్నతాధికారుల వివరాలు ఉండెను. పునరుద్ధరణ అసాధ్యమని కూడా అది చెప్పినది. నిజానికి సాధ్యమే అయినది. ‘యంత్రం చెరిపివేసినది’ అన్న శీర్షిక పత్రికలకు ఆకర్షణీయమే గాని, చెరిపే అధికారం దానికెట్లు లభించినదన్నది అసలు ప్రశ్న. అనంతరం ప్రయోగ డేటాబేసును, వాడుకలోని డేటాబేసును వేరుపరచనున్నట్లు ఆ సంస్థ ప్రకటించినది. ఈ విభజన ఇంజినీర్లకు చిరకాలంగా తెలిసిన నియమమే.

1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యాన జరిగిన సదస్సుతో ‘సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్’ అన్న మాట ప్రాచుర్యం పొందినది. ఒకరు వ్రాసిన కోడును ఇతరులు క్రమపద్ధతిలో తనిఖీ చేసే విధానాన్ని ఐబీఎంకు చెందిన మైకేల్ ఫాగన్ 1976లో ప్రచురించినారు. ప్రతి మార్పునూ నమోదు చేసి, అవసరమైనచో వెనుకకు మరలే వీలు కల్పించే గిట్‌ను 2005లో లినస్ టోర్వాల్డ్స్ రూపొందించినారు. మనుషుల పొరపాట్లకై ఏర్పడిన ఈ పద్ధతులు ఏజెంట్లకు ఇంకను ఎక్కువగా వర్తించును. ఏజెంటు గంటలో వేల పంక్తులు వ్రాయగలదు. మనిషి అంత వేగంగా చదువలేడు. కావున పనిని చిన్న భాగాలుగా అప్పగించి, ప్రతి భాగాన్నీ విడిగా పరిశీలించవలెను. పరీక్షలను ముందుగానే వ్రాసి, వాటిని ఏజెంటు మార్చకుండా చూడవలెను. పరీక్ష నెగ్గుటకై కోడుకు బదులు పరీక్షనే సవరించిన సందర్భాలు కలవు. పాస్‌వర్డులు, వాడుకలోని సర్వర్లు దానికి అందుబాటులో ఉంచరాదు.

ఎంత సమయం ఆదా అయినదో కొలిచి చూడవలెనే గాని ఊహించరాదు. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లకు 246 పనులు అప్పగించగా, ఏఐ సాధనాలను అనుమతించిన పనులకు 19 శాతం అధిక సమయం పట్టినది. 20 శాతం ఆదా అయినదని వారు భావించినారు. అవి నాటి సాధనాలు. నేటివాటిపై తిరిగి కొలువవలసియున్నది.