పెళ్లి సరే, ఇల్లేదీ?

కందుకూరి వీరేశలింగం పంతులు గారి మాట వస్తే మనందరికీ ముందు గుర్తొచ్చే తేదీ 1881 డిసెంబరు 11. ఆ రోజు రాజమండ్రిలో గోగులపాటి శ్రీరాములుకు, గౌరమ్మకు పెళ్లయింది. తెలుగునాట తొలి వితంతు వివాహం అదేనని బళ్లో చదువుకున్నాం. ఏటా జయంతికి, ఏప్రిల్ 16న, పంతులు గారి విగ్రహానికి దండలు వేసే వక్తలు కూడా ఆ తేదీ చెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోతారు. పంతులు గారు స్థాపించిన హితకారిణి సమాజం చరిత్ర రాయమన్నప్పుడు నాకు ఆ పెళ్లి కంటే దాని తర్వాతి రోజుల మీదే మనసు పోయింది.

పెళ్లి జరిగాక పంతులు గారి ఇంట్లో వంటవాళ్లు మానేశారు. నీళ్లు మోసేవాళ్లూ మానేశారు. అప్పటికి రాజమండ్రిలో కుళాయిలు లేవు. తాగేందుకు, మడి వంటకు నీళ్లంటే గోదావరికి వెళ్లి బిందెతో తెచ్చుకోవాల్సిందే. ఆ బిందె పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారి చంకకెక్కింది. ఇంటినిండా జనం. కొత్త దంపతులు, కాపలాగా తిరిగే శిష్యులు, వచ్చీపోయేవాళ్లు. వాళ్లందరికీ వండి వడ్డించింది ఆవిడే. పంతులు గారు ఉపన్యాసం ఇచ్చినా, పత్రికలో వ్యాసం రాసినా వెనకాల ఆ పొయ్యి వెలుగుతూ ఉండాలి. మన సమాజం సంచికల్లో ఆవిడకు ఒక ఫొటో, రెండు వాక్యాలు దక్కుతుంటాయి. అది చాలదని నా అభిప్రాయం.

ఆ రోజుల్లో వెలి ఎలా పనిచేసేదో ఇప్పటివాళ్లకు కాస్త చెప్పాలి. ఎవరూ వచ్చి కొట్టరు. పురోహితుడు గడప తొక్కడు. తద్దినానికి భోక్తలు దొరకరు. పంక్తికి పిలుపు రాదు. ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే సంబంధం కుదరదు. శంకరాచార్యుల వారి శ్రీముఖం, అంటే వెలి ఉత్తర్వు, వస్తే ఇక ఊరంతా దూరం జరుగుతుంది. మొదట ఉత్సాహంగా వెంట నిలిచినవాళ్లలో కొందరు ప్రాయశ్చిత్తం చేయించుకుని మెల్లగా తప్పుకున్నారు. వాళ్లను నేను మరీ తప్పుపట్టలేను. ఇంట్లో ముసలి తల్లి, పెళ్లి కావాల్సిన చెల్లెలు ఉన్నవాడికి ఆ బరువు మామూలుది కాదు. అయినా మొదటి పెళ్లయిన నాలుగో రోజునే, డిసెంబరు 15న, పంతులు గారు రెండో పెళ్లి చేశారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు డబ్బుతో ఆదుకోకపోతే ఆ పని అంతదూరం సాగేది కాదు.

ఇంతకీ ఆ ఆడపిల్లలకు ముందున్న కష్టం ఏమిటి? మొగుడు పోయిన పిల్లకు మెట్టినింట్లో మనోవర్తి అని ఒకటి ఉండేది. తిండి, బట్ట, పడుకోవడానికో మూల. అది కూడా పెద్దల దయ. పుట్టింటికి వస్తే జీతం లేని వంటమనిషి, అన్నదమ్ముల పిల్లలకు ఆయా. తలకట్టు తీయించేస్తారు. శుభకార్యమైతే ఎదురు రాకూడదు. వయసు మీరితే కాశీకి పంపేవాళ్లు. కేదారఘాట్ చుట్టుపక్కల తెలుగు ముసలమ్మలు అద్దె గదుల్లో, సత్రాల్లో చావు కోసం ఎదురుచూస్తూ బతికారంటే, అది భక్తి ఒక్కటే కాదు, ఇంట్లో చోటు లేకపోవడం కూడా. కడుపు వచ్చిన వితంతువు గతి ఇంకా ఘోరం. నూతుల్లోనూ, దూరపు తీర్థాల్లోనూ ఎన్ని కథలు ముగిశాయో ఎవరూ లెక్క రాయలేదు.

వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. మన ఉపన్యాసాల్లో దాన్ని విద్యాసాగరుడి విజయంగా చెప్పుకుంటాం, నిజమే. కానీ ఆ చట్టంలోని రెండో సెక్షన్ ఎవరూ చదవరు. మళ్లీ పెళ్లి చేసుకున్న క్షణం నుంచి, పోయిన భర్త ఆస్తిలో ఆమెకున్న మనోవర్తి గానీ, వారసత్వం గానీ రద్దయిపోతాయని అందులో ఉంది. అంటే పెళ్లి హక్కు ఒక చేత్తో ఇచ్చి, ఉన్న కాస్త నీడ రెండో చేత్తో తీసేసుకున్నారు. పుట్టింటివాళ్లు ఎటూ వెలికి భయపడి తలుపు తీయరు. కాబట్టి పెళ్లి చేసినవాడే ఇల్లు కూడా చూపాలి. ఆ చట్టాన్ని పూర్తిగా ఎత్తేసింది 1983లో!

పంతులు గారి పెళ్లిళ్లను ఈ వెలుగులో చూస్తే వేరేగా కనిపిస్తాయి. పెళ్లికొడుకును వెతకడం, అతనికి ఉద్యోగం చూడటం, కాపురానికి ఇల్లు చూడటం, నెలనెలా ఖర్చులకు ఇవ్వడం, గొడవలొస్తే తీర్చడం, అన్నీ ఆయన నెత్తినే. డబ్బుకు ఆశపడి వచ్చిన పెళ్లికొడుకులు లేకపోలేదు. వాళ్లతో పడ్డ తిప్పలు, విసుగు స్వీయచరిత్రలో ఆయనే దాచకుండా రాసుకున్నారు. ఆ పేజీలు చదువుతుంటే సంస్కర్త కంటే పెద్ద కుటుంబాన్ని ఈదుతున్న ఇంటిపెద్దే ఎక్కువ కనిపిస్తాడు. ఆయన చేయించిన పెళ్లిళ్లు దాదాపు నలభై అంటారు.

నలభై పెళ్లిళ్లతో తీరే సమస్య కాదది. సంబంధం కుదిరేదాకా పిల్ల ఎక్కడ ఉంటుంది? అసలు మళ్లీ పెళ్లే వద్దన్నవాళ్లు? చంకన బిడ్డ ఉన్నవాళ్లు? శరణాలయం ఆలోచన ఇక్కడి నుంచే వచ్చింది. మద్రాసులో ఉన్న రోజుల్లోనూ, తర్వాత రాజమండ్రిలోనూ పంతులు గారు వితంతువులకు ఆశ్రయం నడిపారు. ఆశ్రయమంటే చాపా, చెంబూ ఇచ్చి పడుకోమనడం కాదు. చదువు చెప్పాలి, చేతిపని నేర్పాలి. ఇంటి వ్యవహారమంతా మళ్లీ రాజ్యలక్ష్మమ్మ గారిదే. ఆ మద్రాసు రోజుల్లోనే, 1898లో, అక్కడ జరిగిన సంఘ సంస్కరణ మహాసభకు పంతులు గారు అధ్యక్షులయ్యారు. ఆయనను దక్షిణాది విద్యాసాగరుడని మెచ్చుకున్న సంస్కర్త రానడే ఊరు పూనా. పండిత రమాబాయి, కార్వే నడిపిన శరణాలయాలతో ఆ ఊరికి అప్పటికే పేరుంది. గురజాడ కన్యాశుల్కం నాటకంలో వితంతువు బుచ్చమ్మకు కూడా చివరికి దారి పూనా విడోస్ హోమ్ వైపే చూపిస్తారు. విజయనగరం వైపు పిల్లకు అంత దూరం దేనికని అనిపిస్తుంది. దగ్గర్లో ఉంటే ఊళ్లో మాటలు పడాలి. బంధువులు వచ్చి లాక్కుపోవచ్చు. బుచ్చమ్మను వలలో వేసుకున్న గిరీశం లాంటివాళ్ల బెడద సరేసరి. దూరం కూడా ఒక రక్షణే.

మన వైపు గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1902లో వితంతు శరణాలయం పెట్టారు. తర్వాత 1922లో ఆయన, భార్య లక్ష్మీబాయమ్మ గారు కలిసి శారదా నికేతనం తెరిచారు. రాజమండ్రి దారిలో నడిచిన ఊళ్లు అలా ఒకటొకటిగా వచ్చాయి.

1906లో హితకారిణి సమాజం పుట్టింది. పంతులు గారికి పిల్లలు లేరు. తన తర్వాత ఈ ఇల్లు, ఈ బడి, ఈ శరణార్థులు ఏమవుతారన్న బెంగతోనే సమాజాన్ని ఏర్పరచి, ఆస్తినంతా దానికి రాసిచ్చారు. 1910లో రాజ్యలక్ష్మమ్మ గారు, 1919 మే 27న పంతులు గారు కన్నుమూశారు. ఇద్దరి సమాధులూ రాజమండ్రిలో పంతులు గారి తోటలోనే ఉన్నాయి. ఇప్పుడు ఆ ఆస్తులు దేవాదాయ శాఖ కింద ఉన్నాయి. విగ్రహారాధన వద్దని జన్మంతా పోరాడిన మనిషి ఆస్తిని గుడి మాన్యాలు చూసే శాఖే చూడటం, ఆయనకు తెలిస్తే ఒక ప్రహసనం రాసి ఉండేవారు.

సమాజం పేరు చెబితే ఈనాడు రాజమండ్రివాళ్లకు ఆస్తిక కళాశాల, రాజ్యలక్ష్మి మహిళా కళాశాల గుర్తొస్తాయి. శరణాలయం గుర్తురాదు. అందుకు కారణం ఊహించడం కష్టం కాదు. బడికి ఫలితాలుంటాయి, పూర్వ విద్యార్థులుంటారు, గ్రాంటు వస్తుంది, ఆ విద్యార్థులే రజతోత్సవాలకు విరాళాలిస్తారు. శరణాలయంలో ఉండి వెళ్లిన ఆడమనిషి తాను అక్కడ ఉన్నానని ఎవరికీ చెప్పుకోదు. అలాంటి సంస్థకు ఖర్చే గానీ పొగిడేవాళ్లు ఉండరు.

అవసరం తీరిపోయిందనుకుంటే పొరపాటు. 1937లో వితంతువుకు భర్త ఆస్తిలో పరిమితమైన హక్కు, 1956లో పూర్తి హక్కు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఆడపిల్లకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలోనూ వాటా ఉంది. 2005 గృహహింస చట్టం ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో నివాస హక్కు ఇచ్చింది. ప్రభా త్యాగి కేసులో 2022లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. వితంతువైన కోడలు ఆ ఇంట్లో నిజంగా కాపురం చేసి ఉండకపోయినా ఆమెకు నివాస హక్కు ఉంటుందని చెప్పింది. ఇన్ని ఉన్నా, కర్మకాండ పన్నెండో రోజు దాటకముందే కోడలి చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకోవడం మన ఊళ్లలో కొత్తేం కాదు. ఆ సంతకం తర్వాత ఆమె దారి సర్వీస్ హోమ్ వైపో, ఇంతకుముందు స్వధార్ గృహమని, ఇప్పుడు శక్తి సదన్ అని పిలిచే చోటుకో. అక్కడ ఉండటానికి గడువు ఉంటుంది. గడువు అయ్యాక ఎక్కడికన్నది మళ్లీ మొదటి ప్రశ్నే.

సమాజం పెద్దలకు ఒక విన్నపం. శరణాలయం గురించి మనకు తెలిసిందంతా మగవాళ్లు రాసిందే. గౌరమ్మ ఏమనుకుందో, ఆవిడ తర్వాత ఆ గడప ఎక్కినవాళ్లు ఏం చెప్పుకున్నారో మన దగ్గర కాగితం లేదు. గోదావరి జిల్లాల్లో ఎవరి భోషాణంలోనైనా ఒక ఉత్తరమో, ఖర్చుల పద్దో, చదువుకున్న పలకో మిగిలి ఉంటే, పేర్లు బయటపెట్టనక్కర లేదు, సమాజం కార్యాలయానికి నకలు పంపితే చాలు. వచ్చే సంచికలో మొదటి పేజీలు వాటికే ఇద్దాం. పంతులు గారి ఫొటో రెండో పేజీకి జరిగితే ఆయనేమీ అనుకోరు.