తుపాకీ కదలకూడదు, అంటుకోకూడదు

"గన్నీ, ఇది ఊడి రావడం లేదు."

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, క్వాంటికో మెరైన్ కోర్ స్థావరం. 1970ల చివర్లో ఒక చలికాలపు ఉదయం. వైస్‌కు బిగించిన రైఫిల్ ముందు కుర్ర ఆర్మరర్, అంటే తుపాకులు కట్టి బాగుచేసే పనివాడు, చేతులు నులుముకుంటూ నిలబడ్డాడు. ముందురోజు పొద్దున ఎపాక్సీ జిగురు పట్టించి, యాక్షన్‌ను (తూటాను పేల్చే ఉక్కు యంత్రాంగాన్ని) స్టాక్‌లో (దాన్ని మోసే పిడి భాగంలో) కూర్చోబెట్టింది అతనే. ఇప్పుడు స్క్రూలు తీసేశాడు, బ్యారెల్ పట్టుకుని పైకి లాగాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

గన్నీ, అంటే గన్నరీ సార్జెంట్, కాఫీ కప్పు పక్కన పెట్టాడు. "ఏ రంధ్రం మరిచిపోయావు?" అన్నాడు.

(ఈ ఇద్దరూ కల్పిత పాత్రలు. ఎందరో చేసిన పనిని ఒక పూటకు కుదించి చెబుతున్నాను. పని మాత్రం నిజం.)

అసలు ఈ అవస్థ ఎందుకొచ్చిందో తెలియాలంటే వియత్నాం వెళ్లాలి. 1966లో మెరైన్ కోర్ తన స్నైపర్ల కోసం రెమింగ్టన్ కంపెనీకి 700 రైఫిళ్లు ఆర్డరిచ్చింది. అవే ఎం40లు. 7.62 మిల్లీమీటర్ల తూటా, బరువైన బ్యారెల్, రెడ్‌ఫీల్డ్ టెలిస్కోపు, వాల్‌నట్ చెక్కతో చేసిన అందమైన స్టాక్. ఆ అందమే కొంప ముంచింది. వానాకాలంలో మన ఇంటి తలుపు ఉబ్బి ద్వారబంధానికి పట్టేస్తుందే, ఆ అడవుల తేమకు ఈ స్టాకులూ అలాగే ఉబ్బాయి, వంకర పోయాయి. అలా ఉబ్బిన చెక్క బ్యారెల్‌ను ఒక పక్కకు నెడితే, నిన్న సరిచూసుకున్న గురి ఇవాళ ఉండదు. 100 గజాల దగ్గర ఒక అంగుళం తేడా 600 గజాలకు ఆరు అంగుళాలవుతుంది. స్నైపర్‌కు సాధారణంగా రెండో అవకాశం ఉండదు. మొదటి తూటా తప్పితే, తానెక్కడున్నాడో శత్రువుకు తెలిసిపోతుంది.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఆ రైఫిళ్లను 1970లలో క్వాంటికో ఆర్మరర్లు విప్పి, కొత్తగా కట్టడం మొదలుపెట్టారు. చెక్క పోయి మెక్‌మిలన్ ఫైబర్‌గ్లాస్ స్టాక్ వచ్చింది. ఇది నీళ్లు తాగదు. కానీ అచ్చులో పోసిన ఏ గుంటైనా ఏ యాక్షన్‌కూ వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోదు. తూటా పేలిన ప్రతిసారీ యాక్షన్ వెనక్కి తన్నుతుంది. ఆ తన్నుకు అది ఏ కొంచెం జరిగినా, తిరిగి అదే చోట కూర్చుంటుందన్న భరోసా లేదు. అందుకే గుంటను కాస్త తొలిచి, ఎపాక్సీ నింపి, యాక్షన్‌ను అందులోకి అదిమి, దాని ఆకారం దానికే పోత పోస్తారు. అదే బెడ్డింగ్.

చిక్కంతా ఇక్కడే. ఎపాక్సీకి తన, పర భేదం లేదు. స్టాక్‌ను కరుచుకోవాలి, ఉక్కును వదిలేయాలి అని దానికి చెప్పలేం. ఆ పని మైనం చెయ్యాలి. చేతిలో పనితనమున్న ఆర్మరర్ ఎపాక్సీ కలపడం కంటే మైనం పూయడానికే ఎక్కువ సమయం తీసుకుంటాడు. యాక్షన్ అడుగంతా ఒక పూత, ఆరాక ఇంకొకటి. స్క్రూలకు, వాటి మరలకు కూడా. ఆర్మరర్లు కొందరు బూట్ పాలిష్ వాడతారు, అదీ పనిచేస్తుంది.

అయితే మైనం ఆపగలిగేది అంటుకోవడాన్నే, కొక్కెం పడితే ఏం చెయ్యలేదు. ట్రిగ్గర్ పిన్నుల రంధ్రాలు, బోల్ట్ స్టాప్ సందు, స్క్రూ బెజ్జాలు ఇలా ఎక్కడ చిన్న ఖాళీ ఉన్నా ఎపాక్సీ దూరి గట్టిపడి మేకైపోతుంది. వాటన్నిటికీ బొమ్మల మట్టి కూరాలి. తన్నును కాచే దిమ్మకు, అంటే రీకాయిల్ లగ్‌కు, ముందు, పక్కల, కింద టేప్ అంటించాలి. వెనక ముఖం మాత్రం ఎపాక్సీకి నేరుగా ఆనాలి, భారం మోసేది అదే. రెమింగ్టన్ యాక్షన్ గుండ్రటి గొట్టం కాబట్టి ఇంకో ప్రమాదముంది. ఎపాక్సీ దాని నడుం దాటి పైకి పాకిందా, రెండు వైపులా చేతులు వేసి పట్టుకున్నట్టే. పచ్చిగా ఉండగానే వెనిగర్ తడిపిన దూదితో తుడిచేయాలి.

కుర్రాడు ఇవన్నీ చేశాడు, ఒక పిన్ను రంధ్రం తప్ప.

"సుత్తి తేనా?" అన్నాడు.

"దాన్ని ఎక్కడైనా దాచెయ్. రైఫిల్‌ను డీప్ ఫ్రీజర్‌లో పెట్టు."

గన్నీకి ఆ మాట చెప్పడానికి భౌతికశాస్త్రం పుస్తకం అక్కర్లేదు. చలికి ఉక్కు, ఎపాక్సీ ఒకే కొలతలో ముడుచుకోవు. ఎపాక్సీ ఎక్కువ ముడుచుకుంటుంది, పెళుసుబారుతుంది. మధ్యాహ్నం బయటికి తీశారు. ఉక్కు మీద మంచు పొగలు. గన్నీ స్టాక్‌ను ఒడిలో పెట్టుకుని, బ్యారెల్ కింద అరచేత్తో తట్టాడు. మరోసారి తట్టాడు. టప్ మని చప్పుడైంది. కుర్రాడి ముఖం పాలిపోయింది.

"స్టాక్ పగల్లేదులే," అన్నాడు గన్నీ, యాక్షన్‌ను నిటారుగా ఎత్తి. పిన్ను రంధ్రంలో గింజంత ఎపాక్సీ తెగి ఉండిపోయింది. స్టాక్‌లో మిగిలిన పోత అద్దంలా నున్నగా, యాక్షన్ మీది అచ్చు గుర్తులతో సహా ఉంది.

అప్పటికీ పని అయిపోలేదు. మళ్లీ బిగించి, బ్యారెల్, స్టాక్ కలిసే చోట వేలు ఆనించి, ముందువైపు స్క్రూ వదులు చేశారు. వేలికి కదలిక తగలలేదు. తగిలితే యాక్షన్ బలవంతాన వంగి కూర్చుందని అర్థం, మొత్తం తొలిచి మళ్లీ చెయ్యాలి. చివరగా బ్యారెల్ కింద డాలరు నోటు దూర్చి ఈ కొస నుంచి ఆ కొసకు లాగారు. ఎక్కడా పట్టలేదు.

ఇలా తయారైన రైఫిల్‌కు ఎం40ఎ1 అని పేరు. 2000 దశకం మొదట్లో దాని స్థానంలో ఎం40ఎ3 వచ్చింది. స్టాక్, బ్యారెల్ మారాయి. బెడ్డింగ్ మాత్రం అదే క్వాంటికోలో, ఆర్మరర్ల చేతుల మీదుగానే సాగింది.