సాగర్ గేట్లు ఎత్తేశారా.. ఇంతకీ ఆ వీడియో ఎప్పటిది? ఫార్వర్డ్ కొట్టే ముందు ఇవి చూడండి!

వానలు పడ్డాయంటే చాలు.. పెద్దవూర, హాలియా, మిర్యాలగూడ వైపు ఫోన్లలో నాగార్జునసాగర్ వీడియోలే. గేట్లన్నీ ఎత్తేశారు, వెంటనే బయల్దేరండి అంటూ ఒకటి వస్తుంది. వీడియో నిజమే కావచ్చు. కానీ అది నిరుటిదైతే? పిల్లాపాపలతో బండెక్కి డ్యామ్ దగ్గరికి వెళ్లాక గానీ తెలియదు.

మీడియా లిటరసీ అంటే చూసింది ఎప్పటిది, ఎవరు తీశారు, ఎందుకు పంపారు అని అడిగే అలవాటు. అంతే. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, గేట్లు 26. ఈ లెక్క తెలిసినవాళ్లు వీడియో కన్నా ముందు ఇవాళ్టి మట్టం చూస్తారు. 530 అడుగుల దగ్గరే ఉంటే గేట్ల నుంచి నీళ్లు దూకే ప్రశ్నే లేదు.

ఇక్కడ పోయేది పెట్రోల్ డబ్బులే. 2018లో మాత్రం ప్రాణాలే పోయాయి. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌లు నమ్మి, దేశంలో పలుచోట్ల ముక్కూ మొహం తెలియని వాళ్లను కొట్టి చంపారు. అప్పట్లో బాగా తిరిగిన ఒక వీడియోలో బైక్‌పై వచ్చినవాళ్లు పిల్లాడిని లాక్కెళ్తారు. నిజానికి అది పాకిస్థాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. పిల్లాడిని తిరిగి దింపేసే చివరి ముక్కను ఎవరో కత్తిరించేశారు!

అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లాలో ఏం జరిగిందో చూడండి. ఎండాకాలం ఆరుబయట పడుకునే జనం తలుపులేసుకుని ఇళ్లలోనే ఉంటున్నారని పోలీసులు గమనించారు. ఆరా తీస్తే ఫోన్లలో భయపెట్టే మెసేజ్‌లు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్లకు పోలీసులను పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, ఆ మెసేజ్‌లు అబద్ధమని చెప్పించారు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులూ చేరారు. ఆ జిల్లాలో ఈ వదంతికి ఒక్కరూ బలి కాలేదు. ఆ తర్వాత ఆమె మన నల్గొండ ఎస్పీగానూ పనిచేశారు.

2018లోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి 5 చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. మెసేజ్‌పై రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. పంపింది మీ బావే కావచ్చు, తీసింది ఆయన కాదు కదా!

మరి రోజూ ఏం మారుతుంది? వీడియో చూసి కోపమో భయమో వస్తే వేలు ఆగుతుంది. స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే దృశ్యం పాత తేదీతో దొరకొచ్చు. యూట్యూబ్‌లో అయితే అప్‌లోడ్ తేదీ వీడియో కిందే ఉంటుంది. థంబ్‌నైల్ చూసి నిర్ణయానికి రావొద్దు.. ఈ మాట మాలాంటి ఛానెళ్లకూ వర్తిస్తుంది.

లింక్ నొక్కి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

తప్పుడు వీడియో ఇప్పటికే పంపేశారా? వాట్సాప్‌లో సుమారు రెండు రోజుల వరకు అందరికీ కనిపించకుండా తీసేయొచ్చు. ఆ గడువు దాటితే అదే గ్రూపులో, అదే మెసేజ్‌కి రిప్లైగా ‘ఇది పాత వీడియో, చూసుకోలేదు’ అని ఒక్క లైన్ రాయండి.